ఆదివారపు తనిఖీ

"ఇంట్లో కూర్చున్నదానివి, నీకు అనుభవం ఎక్కడిది? మొదటి మెట్టు అని నేనే రాసేశాను. సంతకం పెట్టు," అన్నాడు సెమిసి.

సెయిని చేతిలో కూతురి జడ సగంలో ఉంది. తొమ్మిదేళ్ల లుపేకు బడికి వెళ్లే ప్రతి ఉదయమూ తల బిగదువ్వి, రెండు జడలు వేసి, చివరలు తెల్ల రిబ్బనుతో మడిచి కట్టాలి. చేయి వదిలితే అల్లిక విడిపోతుంది. అందుచేత ఆమె భర్త చాపిన కాగితాన్ని అందుకోలేదు.

"బల్ల మీద పెట్టు," అంది.

సముద్రానికి అవతల, క్వీన్స్‌లాండ్‌లోని ఒక వృద్ధాశ్రమం ఆమెను మూడేళ్ల ఒప్పందం మీద తీసుకోవడానికి సిద్ధపడింది. ఫోనులో మాట్లాడిన బ్రెండా అనే అధికారిణి షరతులను స్పష్టంగానే వివరించింది. అనుభవం లేనివారిది జీతాల్లో మొదటి మెట్టు. వారికి మూడేళ్లు నిండేదాకా ఇంటికి వచ్చిపోయే టికెట్ ఉండదు. అనుభవం ఉన్నవారిది మూడో మెట్టు. గంటకు ఐదు డాలర్లు అధికం, పైగా ఏటా నాలుగు వారాల జీతపు సెలవు, రానుపోను టికెట్. ఇంట్లో రోగిని చూసుకున్నా దానిని అనుభవంగానే పరిగణిస్తారు. అయితే ఆ పనిని కళ్లారా చూసినవారు సంతకంతో ఉత్తరం ఇచ్చి, సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోనులో ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఐదు డాలర్ల మాట సెయిని మనసులో ఎక్కువసేపు నిలవలేదు. మొదటి మెట్టు మీద వెళితే లుపేను మళ్లీ చూసేసరికి పన్నెండేళ్లు వస్తాయన్న ఊహ మాత్రం ముల్లులా దిగబడిపోయింది.

"ఆ ఉత్తరం నువ్వే ఇవ్వరాదా? ఏడేళ్లు అత్తయ్యను చూసుకున్నాను కదా."

"మా అమ్మకు చేసిన సేవకు కూలి కట్టించుకుంటావా? సెమిసి తల్లిని కూలిమనిషి చూసిందట అని చర్చిలో నవ్వరూ? బేరాలు మాని సంతకం పెట్టు. ఆ ఉద్యోగం కోసం నీ వెనక వందమంది నిలబడి ఉన్నారు."

లుపే బడికి వెళ్లిపోయింది. సెయిని దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ ఆ ఏడేళ్లనూ తలచుకుంది. పక్షవాతంతో పడిపోయిన అత్తగారిని రెండు గంటలకొకసారి ఇటు నుంచి అటు తిప్పిన చేతులివి. తారోదుంపను కొబ్బరిపాలతో గుజ్జు చేసి, గొంతులో అడ్డుపడకుండా గడ్డం కింద వేలు ఆనించి మింగించిన చేతులివి. ఒంటిమీద ఒక్క పుండైనా లేదే అని ఆస్పత్రి డాక్టరు ఆశ్చర్యపోతే, "మేమంతా చూసుకుంటాం డాక్టరుగారూ," అన్నాడు సెమిసి. ఆ 'మేమంతా'లో తాను ఎన్నో వంతో ఆమెకు అప్పుడు తోచలేదు. అంత్యక్రియలప్పుడు ఇక్కడి ఆచారం ప్రకారం, కోడలి హోదాకు తగినట్టు చిరుగుల పెద్ద చాపను చంకల దాకా చుట్టుకుని, పొయ్యిల దగ్గర పొగలో మూడు రోజులు గడిపింది. లోపల శవం తలవైపున ఆడపడుచు కలోలైనే కూర్చుంది. అది ఆమె స్థానం. తల్లిని పువ్వులా చూసుకున్న కొడుకని పాదిరీగారు సెమిసిని పొగుడుతున్న మాటలు వంటపాకలోకి వినిపించాయి. గంజి కలుపుతున్న గరిట ఒక్క క్షణం ఆగి, మళ్లీ తిరిగింది.

భర్త కాక కళ్లారా చూసినవారు ఎవరు? ఒకే ఒక్క మనిషి.

కలోలైనే ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి విరమించిన మనిషి. సెమిసికి అక్క, లుపేకు మేనత్త. ఈ దీవుల్లో మేనత్త మాటకు ఇంట్లో ఎదురుండదు. ఏడేళ్లూ ప్రతి ఆదివారం చర్చి విడిచిన వెంటనే ఆమె వచ్చేది. దుప్పటి ఎత్తేది, మడమలు చూసేది, దిండు వాసన చూసేది. "ఈ తుంటి ఎర్రబడింది. నిద్రపోయావా ఏం?" అనేది. నిద్రపోవడం దొంగతనమైనట్టు సెయిని తల దించుకునేది.

శనివారం సెయిని ఆడపడుచు ఇంటికి వెళ్లి, గుమ్మం దగ్గరే నేలమీద కూర్చుంది. కలోలైనే చాప అల్లుతోంది.

"వదినా, మీరొక ఉత్తరం ఇవ్వాలి," అని విషయమంతా చెప్పింది.

"మా అమ్మ ఒళ్లు ఎవరు కడిగారో, ఎవరు తుడిచారో పరాయిదేశం మనిషికి చెప్పమంటావా?"

"నేను చేసిన పని చెప్పమంటున్నాను వదినా."

అల్లిక ఆగలేదు. "ఇక వెళ్లు," అంది కలోలైనే.

ఆదివారం ప్రార్థనలో ఆడపడుచు ముందు వరసలో కూర్చుని ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. సోమవారం పన్నెండున్నరకు సెయిని కలం తీసుకుని మొదటి మెట్టు కాగితం ముందు కూర్చుంది. ఒంటిగంటకు పది నిమిషాలుందనగా వాకిట్లో కలోలైనే విసనకర్ర చప్పుడైంది. సెమిసి కుర్చీలోంచి గభాలున లేచి బయటి మెట్టు మీద కూర్చున్నాడు. ఈ దీవుల్లో అక్క ఉన్న గదిలో తమ్ముడు కూర్చోడు. కలోలైనే సంచిలోంచి గుండ్రటి అక్షరాల ఉత్తరం తీసి బల్ల మీద పెట్టి, ఆ కుర్చీలోనే కూర్చుంది.

ఫోను మోగింది.

"ఈ పనిని మీరు స్వయంగా చూశారా?" అని అడిగింది బ్రెండా.

"ప్రతి ఆదివారం చూశాను. దుప్పటి ఎత్తి మరీ చూశాను. ఒక్క పుండైనా దొరక్కపోతుందా అని వెతికాను. ఏడేళ్లలో దొరకలేదు."

"ఎందుకు వెతికారు?"

"తప్పు పట్టడానికి. తమ్ముడి పెళ్లాన్ని తప్పుపట్టడం నా హక్కనుకున్నాను."

బ్రెండా తరువాతి ప్రశ్నకు వెళ్లింది. "వారానికి ఎన్ని గంటలు పనిచేసేది?"

కలోలైనే అప్పుడు సెయిని వైపు చూసింది. "గంటలేమిటమ్మా! రాత్రీ పగలూ."

"సెలవులు?"

"లేవు."

"ఎంత ఇచ్చేవారు?"

విసనకర్ర ఆగిపోయింది. బయట మెట్టు మీద సెమిసి దగ్గాడు.

"ఏమీ ఇవ్వలేదు," అంది కలోలైనే.

బ్రెండా సెయినితో మాట్లాడింది. మూడో మెట్టు జీతం ఇస్తామంది. అయితే ఇది ఇంటి అనుభవమే గనుక టికెట్ రెండో ఏడాది నుంచి మాత్రమే అని, సమ్మతమేనా అని అడిగింది.

"ఊఁ అను, ఊఁ అను," అని గుమ్మంలోంచి సెమిసి గుసగుసలాడాడు.

జీవితంలో సెయిని తనకోసం దేనినీ రెండోసారి అడిగిన మనిషి కాదు. "కాదండీ," అంది. "కావాలంటే గంటకు ఒక డాలరు తగ్గించుకోండి. టికెట్ మాత్రం మొదటి ఏడాదే కావాలి. సెలవు లేని ఉద్యోగం ఏడేళ్లు చేశాను. ఇంకొకటి చేయను."

"మా పైవారిని అడిగి రేపు చెబుతాను," అని బ్రెండా ఫోను పెట్టేసింది.

"పోగొట్టావు! నోటిదాకా వచ్చింది పోగొట్టావు!" అన్నాడు సెమిసి.

కలోలైనే లేచి నడుముకు చుట్టుకున్న చాపను సర్దుకుంది. "రేపటి దాకా ఆ నోరు మూసుకుని కూర్చో," అని తమ్ముడి పక్కనుంచి మెట్లు దిగింది. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, "ఆ ఎర్రబడిన తుంటి కూడా మరుసటి ఆదివారానికే మానిపోయింది. ఆ సంగతి ఉత్తరంలో రాశాను," అంది.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి జవాబు వచ్చింది. గంటకు ఒక డాలరు తగ్గించారు. టికెట్ మొదటి ఏడాది నుంచే ఇచ్చారు. సెయిని ఆ కబురు రెండుసార్లు చదివి ఫోను బల్ల మీద పెట్టింది. పాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించింది.

సెమిసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లుపే బడి బట్టలు వేసుకుని, విరబోసిన జుట్టుతో వచ్చి అమ్మ ముందు కూర్చుంది.

"సరే, వెళతావు. మరి ఆ తరువాత ఈ పిల్ల జడలు ఎవరు వేస్తారు?" అన్నాడు సెమిసి. "నాకు దువ్వెన పట్టుకోవడమే రాదు."

సెయిని దువ్వెననూ, రెండు తెల్ల రిబ్బన్లనూ అతని చేతిలో పెట్టింది.

"మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టు," అంది. "దానికి అనుభవం అక్కరలేదు."