పప్పు ఏరిన ముప్పైమంది

రచన ఐదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. ధ్యానం చేస్తే బీపీ తగ్గుతుందని నిరూపించడం ఆమె పని. ఈ ఐదేళ్లలో ఆమె బీపీ మాత్రం పెరుగుతూనే ఉంది.

మొదటిసారి ఇచ్చిన థీసిస్‌ను పరీక్షకులు తిప్పి పంపారు. ధ్యానం చేసినవాళ్లను ఇంట్లో ఊరికే ఉన్నవాళ్లతో పోలిస్తే న్యాయం కాదన్నారు. నలుగురితో కలిసి కూర్చున్నా, ఒకరొచ్చి పలకరించినా బీపీ తగ్గొచ్చు కదా అన్నారు. రచనకు రోషం వచ్చింది. ఈసారి ఎవరూ వేలెత్తి చూపకూడదని పంతం పట్టింది.

వికారాబాద్‌లో ముప్పైమంది ఆడవాళ్లకు రోజు విడిచి రోజు అరగంట ధ్యానం. మధ్య రోజుల్లో, అదే వేళకు, తాండూరులో మరో ముప్పైమంది. అవే చాపలు, అదే చాయ్, అదే రచన. నవ్వు కూడా రెండుచోట్లా ఒకే కొలతలో నవ్వేది. తేడా ఒక్కటే. తాండూరు వాళ్లు ధ్యానం చెయ్యరు, మాట్లాడకుండా చాటలో కందిపప్పు ఏరుతారు. మనసుకు ఏ మేలూ చెయ్యని పని అదేనని రచన తేల్చేసింది. పుట్టి బుద్ధెరిగాక గుప్పెడు పప్పు ఏరిన మనిషి కాదు గనక అంత ధీమాగా తేల్చగలిగింది.

ఎనిమిది వారాలయ్యాక చూస్తే వికారాబాద్‌లో బీపీ ఐదు పాయింట్లు తగ్గింది. తాండూరులో ఆరు.

రచన లెక్కలు మళ్లీ వేసి చూసింది. అదే ఆరు. తాండూరు వాళ్లు చాటుగా ధ్యానం చేసి ఉంటారని, ఆ సాకుతో బీపీ బాగా తగ్గినవాళ్ల పేర్లు కొట్టేయొచ్చని ఆశపడి మరునాడే రైలెక్కింది. ముందు వరసలో కూర్చునే యాదమ్మను పట్టుకుంది.

"నిజం జెప్పక్కా, పప్పు ఏరుకుంట మనసుల మంత్రం గిట్ల ఏమన్న అనుకున్నరా?"

"మంత్రమేంది మేడం? ఇంట్ల చాట ముందల వెట్టుకుంటె పదిసార్లు పిలుస్తరు. ఈడ అరగంట ఒక్కలు గూడ పిలువలే. గంతే. పానం మస్తు నిమ్మలమైంది."

రచన చాపమీద కూలబడింది. వికారాబాద్ వాళ్లకు మేలు చేసిందీ ఆ అరగంటేనేమో. తన ధ్యానం కాదు, తను సాధన చేసి తెచ్చుకున్న గంభీరమైన గొంతు అసలే కాదు. ఈసారి పోలిక ఎంత న్యాయంగా కుదిరిందంటే, కుదిర్చినదాన్నే ముంచేసింది. ఆమెకు ఏడుపొచ్చింది.

యాదమ్మ కంగారుపడింది. "మాతోని ఏమన్న తప్పయిందా మేడం? మా పేర్లు దీసేస్తరా?"

తీసేస్తే డిగ్రీ చేతికొస్తుంది. అడిగేవాళ్లు కూడా ఎవరూ లేరు. రచన సంచిలోంచి తాండూరు వాళ్ల పేర్లున్న కాగితం తీసి, మడత విప్పి, మళ్లీ మడిచి లోపల పెట్టేసింది.

"మీ పేర్లు ఉంటయక్కా," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఐదేండ్ల సంది నేను జెప్తున్న మాటనే దీసెయ్యాలె."