ఈ వారం నేనెవర్ని?

షెఫీల్డ్‌లో మన పెద్దవాళ్లకి ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక హాల్లో భోజనాలు పెడతారు. తలుపు దగ్గర పాత కంప్యూటర్ ముందు కూర్చుని, వచ్చినవాళ్ల పేరు వెతికి, భోజనం స్లిప్పు తీసివ్వడం నాగజ్యోతి పని. పదిహేడేళ్ల పిల్ల, ఊరి బడి నుంచి నేరుగా ఇక్కడి కాలేజీలో వచ్చి పడింది. అమ్మకి హాస్పిటల్లో వేళాపాళా లేని షిఫ్టులు, నాన్నది రాత్రి డ్యూటీ. వారమంతా ఆమె నోట్లోంచి వచ్చే మాట బస్సు డ్రైవరుకు చెప్పే థాంక్యూ ఒకటే. డైరీలో మిగతా రోజుల కింద వాన పడిందనో పడలేదనో ఉంటుంది. శనివారం కింద మాత్రం బాపురావు అంకుల్ కబుర్లుంటాయి.

ఆ భోజనాల క్లబ్బులో మొట్టమొదట చేరిన మనిషి ఆయన. కంప్యూటర్లోనూ ఒకటో నంబరు. కానీ ఆయనొచ్చి నిలబడేసరికి అక్కడ ఇంకెవరి పేరో ఉండేది.

"ఏం బుజ్జమ్మా, ఈ వారం నేనెవర్ని?"

"విమల ఆంటీ," అంది నాగజ్యోతి తల దించుకుని.

"పోన్లే. పోయినవారం గోపాల్‌రావుని చేశావు. వాడి బట్టతలకంటే ఇదే నయం."

నవ్వాపుకుంటూ ఆయన పేరు మళ్లీ కొట్టేది. అంతసేపూ ఆయన బల్లకి ఆనుకుని కబుర్లు చెప్పేవాడు.

నవ్వనిది క్లబ్బు నడిపే పుష్పలీల ఆంటీ ఒక్కతే. "చూసి కొట్టవే అమ్మాయ్! ఇంకోసారి పేరు మారిందంటే ఆ కుర్చీ వంటపని చూసే రితేష్‌కిచ్చేస్తా. నువ్వొచ్చి వంటింట్లో ప్లేట్లు సర్దుకో."

నేను మార్చలేదాంటీ అనుకుంటూనే పేరు సరిచేసింది. వంటింట్లోకి బాపురావు అంకుల్ రారు.

"వరసలో నాకు ముందు ఎవరుంటే నేను వాళ్లే అయిపోతున్నా, చూశావా?" అన్నాడాయన స్లిప్పు అందుకుంటూ.

ఆ మాట పట్టుకుంది నాగజ్యోతి. అందరూ తినడానికి వెళ్లాక ఫైలుకి కాపీ తీసి, వెతికే గడిలో కిషన్‌రావు అని ఇంకో సభ్యుడి పేరు కొట్టింది. రెప్పపాటు తెర మీది ఫారం పక్కన చిన్న పెన్సిల్ బొమ్మ మెరిసి, కిషన్‌రావు వివరాలొచ్చాయి. వివరాల్లో ఏదైనా మారిస్తేనే కదా ఆ పెన్సిల్ వచ్చేది! వెనక్కి వెళ్లి చూస్తే ఒకటో నంబరులోనూ కిషన్‌రావే.

స్లిప్పు తీయగానే ఫారం మళ్లీ ఒకటో మనిషి దగ్గరే తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఎవర్ని వెతికితే వాళ్ల పేరు ఆయన పేరు మీద ఎక్కి కూర్చుంటోంది. ఫారం డిజైన్ తెరిచింది. వెతికే గడిని ఎవరో ఎప్పుడో పేరు రాసే గడికి ముడేశారు; వెతకడానికి కొట్టిందల్లా తెర మీదున్న మనిషి పేరైపోతోంది. ఆ ముడి తీసేసి, ఒకటో నంబరులో బాపురావు పేరు తిరిగి కొట్టి, మళ్లీ వెతికింది. కిషన్‌రావు దొరికాడు, బాపురావు బాపురావుగానే ఉన్నాడు. అసలు ఫైల్లోనూ అలాగే సరిచేసింది.

పై శనివారం స్లిప్పు చదువుకుని, "అబ్బో, నేనే!" అన్నాడు బాపురావు. సాంబారు వాసన వచ్చేవైపు నడిచిపోయాడు. ఆగడానికింకేముంది?

కుర్చీ సంగతి ఆంటీ మళ్లీ ఎత్తలేదు. తలుపు తీసినప్పుడల్లా చలిగాలి వచ్చి కాళ్లకి చుట్టుకుంది. ఆ రాత్రి డైరీలో, వాన పడలేదు, అని రాసుకుంది. పీకిన ముడి మళ్లీ వేసేస్తేనో అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

మరుసటి వారం ఆయన చెయ్యి చాపితే నాగజ్యోతి స్లిప్పు కొస వదల్లేదు. చెవులు వేడెక్కాయి.

"అంకుల్... ఈ వారం మీరెవరు?"

బాపురావు వెనకున్న వరసకేసి తిరిగాడు. "కాస్త ఆగండయ్యా, పిల్ల ఏదో అడుగుతోంది," అని బల్లకి ఆనుకున్నాడు.