ఉలవల కింద పల్లి

ఎర్రగట్టు మనుషులకు ఒక పాడు అలవాటుంది. భూమి ఖాళీగా కనిపిస్తే వాళ్లకు అన్నం సయించదు. ఎనభై ఏడులో ఆ అలవాటే వాళ్ల కొంప ముంచింది.

ఆ ఏడు పల్లి చక్కగా మొలిచింది. పూత పూసి, ఊడలు దిగి, కాయలో గింజ పట్టే వేళకు వాన ముఖం చాటేసింది. నలభై రోజులు చినుకు లేదు. చేలన్నీ మాడిపోయాయి. ఇంకో ఊరివాళ్లయితే తలపట్టుకుని కూర్చునేవాళ్లే. ఎర్రగట్టువాళ్లు మాత్రం ఎండిన చెట్లను పీకి పశువులకు వేశారు. భూమి గట్టిపడి ఉండటంతో చెట్టు పైకొచ్చింది గానీ కాయలు లోపలే తెగిపోయాయి. ఆ తర్వాత దారి తప్పి వచ్చినట్టు ఒక్క జల్లు పడింది. పడిందో లేదో ఊరంతా నాగళ్లు కట్టి, దున్ని, ఉలవలు చల్లేసింది.

మూడు వారాలకు పంట నష్టం రాసుకోవడానికి రెవెన్యూ గిర్దావరు వచ్చాడు. మోటారు సైకిలు దిగలేదు. బాట మీది నుంచే చూస్తే చేలన్నీ పచ్చగా ఉన్నాయి. "పంట ఉంది" అని రాసుకుని చక్కా పోయాడు.

కరువు జాబితా మండలాఫీసు గోడకు అంటించిన రోజు దాన్ని మొదట చదివింది మెహరాజ్. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లు. రోజూ బస్సులో మక్తల్ పోయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. జాబితాలో ఎర్రగట్టు లేదు. మళ్లీ చదివింది, లేదు. చేలు దున్నకుండా పడావు పెట్టి కూర్చున్న పక్కూరు మాత్రం దర్జాగా మూడో పేరై కూర్చుంది. పేరుంటే నష్టపరిహారం వస్తుంది, విత్తనం వస్తుంది, ఊళ్లోనే కరువు పని పెడతారు. లేకపోతే కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీ ఎక్కి ఎక్కడో డ్యాం కట్టడానికి పోవాలి.

ఇంటికి వచ్చి సంగతి చెప్పి, అర్జీ పెడతానంటే తండ్రి కరీం నవ్వాడు. అందులో సంతోషమేమీ లేదు.

"వానను జైల్ల ఏపిస్తవా బేటీ? నేను మేస్త్రీకి మాటిచ్చిన. దీపావళి దాటంగనే నువ్వు, నేను, మీ అమ్మీ, ముగ్గురం పోతున్నం."

"పదిహేను దినాలు ఆగు అబ్బా. ఊరి పేరు ఎక్కిపిస్త."

"ఎక్కకపోతే?"

"నేనే తట్ట మోస్త. మల్ల కాలేజీ పేరే ఎత్తను."

అనేసింది గానీ, ఆ రాత్రి పుస్తకాల సంచి ముందేసుకుని కూర్చుంది. కాలేజీ అంటే ఆమెకు ప్రాణం.

మర్నాడే పని మొదలైంది. తోడుకు యోహాను వచ్చాడు. వాడు పదో తరగతి పాసై కూలికి పోతున్న కుర్రాడు, ఊరి యువజన సంఘానికి కార్యదర్శి. సంఘం అంటే పెద్దగా ఏమీ లేదు, ఆరుగురు పిల్లలు, ఒక క్యారం బోర్డు. ఆ బోర్డును అటకెక్కించి, ఆరుగురూ ఇల్లిల్లూ తిరిగారు. ఎవరు ఎప్పుడు విత్తారు, ఎన్ని సంచుల విత్తనం పోశారు, చెట్లు ఏ వారం పీకారు, అన్నీ రాసి నూటపన్నెండు మందితో వేలిముద్రలు వేయించారు. పుల్లమ్మ అవ్వ వేలికి సిరా పూసుకుంటూ, ఆకాశం వైపు చూసి తగులుకుంది.

"మొగులుకు అర్జీ పెట్టుడు నేనేడ జూడలే పిల్లా."

"మొగులుకు గాదు అవ్వా, సర్కారుకు."

"సర్కారుకు చెవులున్నయా?"

"లేకుంటే మొలిపిద్దం" అన్నాడు యోహాను.

మండలాఫీసులో ఎమ్మార్వో కాగితాలన్నీ తిప్పి చూశాడు. కోస్తా వైపు మనిషి, మంచివాడే. కానీ మంచితనంతో ఫైలు కదలదు కదా.

"పచ్చగా ఉన్న చేనుకు నష్టం రాయమంటావేమిటమ్మా?"

"గవి ఉలవలు సార్. సచ్చిన పల్లి మీద చల్లినం."

"మరి చచ్చిన పల్లి ఏది?"

"పశువులు తిన్నయి సార్."

గదిలో గుమాస్తాలు కిసుక్కున నవ్వారు. మెహరాజ్ చెవులు వేడెక్కాయి. సిగ్గు కాదు, ఒళ్లు మండింది.

"నవ్వుండ్రి సార్. మూడేండ్ల సంది వాన ఎగవెడ్తాంది. వాన పడకపోవుడు మా తప్పా? మరి నష్టమంతా మా మీదనే ఎందుకు పడాలె? చేను పడావు పెట్టి పండుకున్నోళ్లను లిస్టుల ఎక్కిస్తిరి. లేసి దున్నుకున్నోళ్లను కొట్టేస్తిరి. గిదేం న్యాయం? పల్లికాయలు భూమిలనే తెగినయి. వచ్చి తవ్వి చూడుండ్రి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"గురువారం వస్తాను. ఒక్క చేను తవ్విస్తాను. ఏ చేనో నేనే చెప్తాను, మీరు సర్ది పెట్టుకున్నది కాదు."

బస్సులో కూర్చున్నాక గానీ మెహరాజ్‌కు అసలు సంగతి తట్టలేదు. ఉలవలు సాళ్లలో వేయరు, చల్లుతారు. తవ్వాలంటే మొక్కలన్నీ పోతాయి. ఊరికి మిగిలిన తిండి అదొక్కటే.

ఆ సాయంత్రం చావడి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గుసగుసలు లేచాయి. చివరికి బక్కయ్య అనే పెద్దమనిషి తేల్చాడు. సారు ఎవరి చేను చూపిస్తే వాళ్లు అడ్డు చెప్పకూడదు. అందరూ తలూపారు. కరీం కూడా ఊపాడు. నూటపన్నెండు చేలలో తనదే తగులుతుందని ఎవరనుకుంటారు?

గురువారం ఎమ్మార్వో జీపు దిగి చేలన్నీ నడిచాడు. నడిచి నడిచి అన్నిటికన్నా పచ్చగా ఉన్న చేను ముందు ఆగాడు. పల్లంలో ఉన్న ఎకరన్నర. ఆ ఒక్క జల్లు నీళ్లు అక్కడ నిలిచాయి. అది కరీం చేను.

"ఇది. నిలువుగా ఒక పట్టీ, అడ్డంగా ఒకటి, నాలుగు మూలలూ తవ్వండి. గుప్పెడు కాయలు చూపిస్తే నమ్మను."

అంటే సగం చేను. కరీం మోకాలెత్తు ఉలవలను చూస్తూ నిలబడ్డాడు. మెహరాజ్‌కు ఇదంతా మొదలుపెట్టకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఆ క్షణాన నిజంగానే అనిపించింది.

"అబ్బా, వేరే చేను చూడమని అడగాల్నా?" అంది మెల్లగా.

"ఊరి ముందల తలూపిన" అన్నాడు కరీం.

మెహరాజ్ పార అందుకుంది. మొదటి దెబ్బకే పది మొక్కలు లేచాయి. చేతులు ఆగితే మళ్లీ లేవవని తెలుసు గనుక ఆపలేదు. రెండో పార యోహాను పట్టాడు. తల్లి షరీఫున్నీసా కొంగు నడుముకు దోపి, పీకిన ఉలవలను ఒక పక్కకు వేస్తూ, కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ వంగింది. కాసేపటికి చేనంతా మనుషులే. మట్టి తిరగబడ్డ ప్రతిచోటా పల్లికాయలు తేలాయి, తట్టల కొద్దీ.

ఎమ్మార్వో గొంతుక్కూర్చుని ఒక కాయ చిదిమాడు. లొట్ట. ఇంకోటి చిదిమాడు, లొట్ట. అవతలి మూలకు పోయి చిదిమాడు. పదిహేను, ఇరవై కాయలు చిదిమినా ఒక్క గింజ లేదు. ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకోకుండానే జీపు దగ్గరికి పోయి రాయడం మొదలుపెట్టాడు.

"పైకి సదువుండ్రి సార్. అందరికీ ఇనపడాలె" అంది మెహరాజ్.

ఆయన చదివాడు. "ఎర్రగట్టు గ్రామం. పల్లి పంట పూర్తిగా నష్టం. జాబితాలో చేర్చడమైనది." కింద సంతకం చేసి తేదీ వేశాడు. ఎవరూ కేకలు పెట్టలేదు. పుల్లమ్మ అవ్వ మాత్రం అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చేసింది.

ఎమ్మార్వో కలం మూస్తూ కరీం వైపు తిరిగాడు. ఆయన ముఖం చిన్నబోయి ఉంది.

"ఈ పీకేసిన ఉలవలు మాత్రం రాయలేనయ్యా. మీ చేతులతో మీరు పీకినవి. దానికి రూలు లేదు."

"రాయకుండ్రి సార్" అన్నాడు కరీం. "గవి వాన ఎత్కపోలే. మేమిచ్చినం."

జీపు పోయాక కూతురి చేతిలోంచి పార తీసుకుని, దాని మట్టి గోకి, భుజాన వేసుకున్నాడు.

"ఇంటికి నడువుండ్రి. నేను మేస్త్రీ తాన్కి పోయి, ముగ్గురం వస్తలేమని చెప్పొస్త."