మూడో ఇంటికి చేరే వలలు

భాగ్యశ్రీ చేతిలోని ట్యాబ్‌లో నలభై రెండు గడులున్నాయి. ఆకులో తేమ, గదిలో వేడి, పురుగు బరువు, పేగులోని సూక్ష్మజీవుల కోసం తీసిన నమూనా సీసా నంబరు. ఒక్కటి ఖాళీగా ఉన్నా పేజీ ముందుకు కదలదు. పొద్దున్నుంచీ పదిహేడో గడి దగ్గరే ఆగిపోయింది. సిగ్నల్ లేదు.

"ఇంగా రాస్తానే ఉండావా మేడమ్?" తట్టలోంచి చచ్చిన పట్టుపురుగుల్ని పుల్లతో ఏరుతూ అడిగింది ఉలిగమ్మ. "నువ్వు రాసే కొద్దీ చస్తాండాయి ఇవి. రెండు దినాలు ఆపితే బతుకుతాయేమో చూద్దామా?"

భాగ్యశ్రీ నవ్వలేకపోయింది. హిందూపురంలోని ప్రాజెక్టు ఆఫీసు ఆమెను పెనుకొండ పక్కనున్న ఈ పల్లెకు పంపి రెండు నెలలైంది. పట్టుపురుగు రోగాన్ని ఒక్క క్రిమి పనిగా చూడకుండా, ఆకూ పేగూ జన్యువులూ గది గాలీ ఒకదాన్నొకటి ఎలా లాగుతున్నాయో కంప్యూటర్‌లో కలిపి చూడటం ఆ ప్రాజెక్టు పని. "మొత్తాన్ని చూడాలమ్మా, ముక్కలుగా చూస్తే ఏమీ తెలీదు" అని మొదటి రోజే చెప్పారు జయచంద్ర సార్. ఆ మాట ఆమెకు చాలా నచ్చింది. తర్వాత ఆయనే ఆ మొత్తాన్ని నలభై రెండు ముక్కలు చేసి ఆమె చేతికిచ్చారు.

ముగ్గురు తోడికోడళ్లు. పెద్దది రామసుబ్బమ్మ, నడిపిది వరలక్ష్మి, చిన్నది ఉలిగమ్మ. మూడు షెడ్లూ ఒకే వరసలో ఉంటాయి. ఒకే చోటి నుంచి, ఒకే రోజు చిన్న పురుగుల్ని తెచ్చుకుంటారు. అయినా ఉలిగమ్మవి మాత్రం రెండు పంటలు వరసగా పోయాయి. ఒళ్లు ఉబ్బి, తట్ట అంచుల మీద తిరిగి తిరిగి, తెల్లటి పాలు కారుస్తూ చచ్చాయి. మూడోదీ పోతే మల్బరీ తోట పీకించేస్తానని ఆమె మొగుడు నల్లప్ప ట్రాక్టరు మాట్లాడి పెట్టాడు.

సిగ్నల్ కోసం గోడ దగ్గరికి పోతే ఫోను మోగింది. జయచంద్ర సార్.

"భాగ్యశ్రీ, ఉలిగమ్మ షెడ్డుకి కిటికీలెన్ని?"

"నాలుగు సార్. పోయిన వారం మీరు చెబితేనే ఒకటి కొత్తగా పెట్టించారు."

"కంప్యూటర్ మోడల్ ఇంకా తేమే కారణమని చూపిస్తోంది. ఈరోజు రెండు గంటలకోసారి మూడు షెడ్లలోనూ రీడింగ్ తియ్యి."

ఆమె లోపలికొచ్చి ఆ మాట చెప్పింది.

"మొదట ఆకు మార్చమనె, మార్చినాం. సున్నం ఎక్కువ చల్లమనె, చల్లినాం. గోడ పగలగొట్టమనె, కొట్టినాం" అంది ఉలిగమ్మ. "ఇంగేం మార్చమంటాడు మీ సారు, మొగుణ్ణా?"

"అదొక్కటే మిగిలుండాది, రాసుకో మేడమ్" అన్నాడు వాకిట్లోంచి నల్లప్ప.

ఆ రోజంతా భాగ్యశ్రీ మూడు షెడ్ల మధ్య తిరిగింది. పొద్దున రామసుబ్బమ్మ వలలు పరిచి, వాటి మీద కొత్త ఆకు వేసింది. పురుగులు ఆకు కోసం పైకి పాకాక వలలెత్తి, కింది చెత్త తీసేసింది. మధ్యాహ్నం అవే వలలు వరలక్ష్మి షెడ్లో కనబడ్డాయి. మూడు గంటలకు ఉలిగమ్మ తట్టల్లోకి వచ్చాయి. సాయంత్రం ఉలిగమ్మ వాటిని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, చేతులు మండుతుంటే ఊదుకుంటూ తీగ మీద ఆరేసింది.

"ఇవి రోజూ నువ్వే కడుగుతావా అక్కా?"

"చివర వాడినోళ్లు కడగల్ల గదా. తెల్లారితే పెద్దక్కకియ్యల్ల."

"ఎప్పుడూ నువ్వే చివరా?"

"చిన్న కోడల్ని. మళ్ల ముందు నేనా?"

"రెండు నెలల్నుంచి వస్తున్నాను. ఒక్క మాట చెప్పలేదే!"

"నువ్వు అడగలేదే. కిటికీలడిగితివి, చెప్తిమి."

భాగ్యశ్రీ ట్యాబ్ తెరిచింది. ఆ రోజు చచ్చినవి రామసుబ్బమ్మవి మూడు, వరలక్ష్మివి పది, ఉలిగమ్మవి నలభై. అంకెలు రోజూ ఆమె ఎక్కించినవే. మూడు వేరు పేజీల్లో ఉండటంతో ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. తన మీద తనకే ఒళ్లు మండింది.

కడగని వలలతోనే రోగం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతోందని సారుకు ఫోన్ చేసి చెప్పింది. "మంచి పాయింటే. కానీ ఆ అంశం మోడల్‌లో లేదు కదమ్మా, వచ్చే సర్వేలో పెడదాం" అన్నారాయన. "పదిహేడో గడి ఖాళీగా ఉంది, చూసుకో."

రామసుబ్బమ్మకూ చెప్పింది.

"ఏంది? మా ఇంటి రోగం దానికంటిందా?" ఆమె గొంతు వీధి చివరిదాకా వినబడింది. "మా గూళ్ల పట్టుతో ధర్మవరంలో పెండ్లి చీరలు నేస్తారు. పురుగుకు చేతి గుణం కావల్ల పాపా, దానికి లేదు."

"అయితే మధ్యలో ఒకసారి కడగండి పెద్దమ్మా."

"తడి వలలు ఎప్పుడారల్ల, పురుగులెప్పుడు తినల్ల? నీకేం, రాసుకొని బస్సెక్కుతావు."

ఉలిగమ్మ పక్కనే నిలబడి విన్నది.

మర్నాడు భాగ్యశ్రీ మొదటి బస్సుకే వచ్చేసరికి, ముందురోజు కడిగిన వలలు ఉలిగమ్మ తట్టల్లోనే పరిచి ఉన్నాయి. పని ముగించుకొని ఉలిగమ్మ వాటిని భుజాన వేసుకొని పెద్దక్క వాకిట్లోకి పోయింది. భాగ్యశ్రీ వెనకే నడిచింది.

"పొద్దెక్కింది, ఇంతసేపా?" అంటూ చెయ్యి చాపిన రామసుబ్బమ్మ మళ్లీ వెనక్కి లాక్కుంది. ముట్టుకోకుండానే వలల్ని ఎగాదిగా చూసింది. "కడిగినావా?"

"నేనేమన్నా చివరా? ముందు వాడినా. చివర వాడినోళ్లు కడుగుతారు."

"నీ తట్టల్లో పరిచినవి కడక్కుండా నా పురుగుల మీద వేస్తావంటే?"

"ఏమక్కా, చేతి గుణముండాదంటివి గదా!"

రామసుబ్బమ్మ భాగ్యశ్రీ వైపు ఒకసారి చూసి, వలలు తీసుకోకుండానే లోపలికి పోయింది. సాయంత్రానికి ఆమె మొగుడు హిందూపురం నుంచి కొత్త వలలు తెచ్చాడు. పాతవాటిని వరలక్ష్మి, ఉలిగమ్మ చెరిసగం పంచుకున్నారు. ఎవరివి వాళ్లే కడుక్కున్నారు.

పురుగులు నాలుగోసారి కుబుసం విడిచి లేచాయి. పోయిన రెండు పంటలూ కూలిపోయింది ఇక్కడే. మొదటి రోజు ఉలిగమ్మ ముప్పై ఏరింది. మూడో రోజు పద్నాలుగు. అయిదో రోజు పుల్లతో తట్టలన్నీ రెండుసార్లు వెతికి, నాలుగు తీసి అరచేతిలో పెట్టి చూపించింది. మిగిలినవన్నీ వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ ఆకు తింటున్నాయి.

బయట నల్లప్ప ఫోన్లో అరుస్తున్నాడు. "ట్రాక్టరు వద్దులేప్పా. వద్దంటే వద్దు. ఆకే చాలడంలేదు, తోట పీకితే యాడ తెచ్చేది?"

భాగ్యశ్రీ ఫోను కూడా మోగింది. "చావుల గ్రాఫ్ ఒక్కసారిగా పడిపోయిందేంటి? ఏ మందు వాడారు?" జయచంద్ర సార్ గొంతు.

"మందు కాదు సార్. ఎవరి వలలు వాళ్లు వాడుతున్నారు."

"అది ఏ గడిలో పెట్టావు?"

"దానికి గడి లేదు సార్."

"అయ్యో, మరెలా?" అన్నారాయన. "పోనీ, కిటికీలు ఎన్నో మళ్లీ ఒకసారి లెక్కపెట్టి పంపు."

ఉలిగమ్మ తలెత్తకుండా ఆకు పరుస్తూ అంది: "అయిదని చెప్పు మేడమ్. మళ్లా ఇంగోటి పెట్టమనకుండా ఉంటాడు."