జానెడు దారి

స్తమెనవ్వ తెల్లారగానే చేసే పనులకి ఒక వరస ఉంది. పొయ్యి రాజేసి, ముందు రోజు మిగిలిన రొట్టె ముక్కల్ని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తవుడూ దంచిన మొక్కజొన్నా కలిపి, బాల్చీ పట్టుకుని పెరట్లోకి వెళ్లేది. గూటి తలుపు తీసి లెక్కపెట్టేది. పద్నాలుగు పెట్టలు, ఒక పుంజు.

జనవరిలో ఆ రోజు కూడా అలాగే వెళ్లింది. తలుపు పక్కన జాలీ చినిగి, అంచులకి ఎర్ర బొచ్చు అంటుకుని ఉంది. లోపలి మూలలో ఎనిమిది పెట్టలు ఒకదాని మీద ఒకటి కుప్పగా పడున్నాయి. అన్నిటికీ మెడలు కొరికేసి ఉన్నాయి. కింద మంచు ఎర్రగా గడ్డకట్టింది. నక్క ఎత్తుకుపోయింది ఒక్కదాన్నే. మిగిలిన ఐదూ, ఒక కుంటిపెట్టతో సహా, ఎక్కడెక్కడో నక్కి బతికాయి. పుంజు మాత్రం పైకర్ర మీద నిక్షేపంగా కూర్చుని కూసింది.

కోడలు కలీన వచ్చి వెనక నిలబడింది. "ఎటో ఒకవైపు పారిపోవచ్చుగా అత్తమ్మా, ఇవన్నీ ఒకే మూలకి ఎందుకు పోయాయి?"

"ఎటు పోతాయి? ఉన్నది ఒక్క తలుపు. అక్కడ నక్క నిలబడింది. భయమేస్తే కోడి మూలకి పోతుంది. మూలకి పోయిన కోడి పని అయిపోయినట్టే."

కలీన పై పెదవి చీలి ఉంది. మూడు రోజుల కిందటి దెబ్బ.

ఆ వీధిలో గూడు ఎలా ఉంటే ఇల్లూ అలాగే అవుతుంది. వాన పడితే కాలవ నిండినట్టే, అందులో ఎవరికీ వింత లేదు. ఎదురింటి వడ్రంగి తనాస్ తన గూటికి రేకు కప్పితే, ఆ చలికాలం దాటకముందే వాళ్ల ఇంటి పెంకుల మీద వాన రేకు మీద పడ్డట్టు మోగడం మొదలుపెట్టింది. గుడ్ల పెట్టెలు నాలుగు పెట్టిన ఇంట్లో నాలుగు మంచాలు వేయాల్సి వచ్చింది. దీనికో కొలత కూడా ఉంది. గూట్లో జానెడు, ఇంట్లో మూరెడు. అందుకే అక్కడ గూడు కట్టబోయేవాళ్లు పెళ్లిసంబంధం చూసినంత నిదానంగా ఆలోచిస్తారు.

స్తమెనవ్వ పాత గూడు ఆమె భర్త కట్టింది. ఒకటే తలుపు. కోళ్లు వాలే కర్రలు నిచ్చెన మెట్లలా ఒకదానికన్నా ఒకటి పైకి, అన్నిటికన్నా పైది పుంజుకి. ఆ ఇంట్లో కూడా మగవాడి కుర్చీ మిగతావాటికన్నా మూరెడు ఎత్తుండేది. వంటింట్లో ఈశాన్యాన, పొయ్యి వెనక, ఎటూ దారి లేని మూల ఉండేది. ఆ మూలలోనే ముప్పై ఏళ్ల కిందట ఆమె ఎడమ చెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. భర్త పోయాక ఆ కుర్చీలోకి కొడుకు వల్కో వచ్చాడు. పోయిన వసంతంలో, అదే మూలలో, వల్కో బూటుకాలితో తన్నిన తన్నుకి కలీన కడుపు పోయింది. ఇప్పుడు ఆమెకి మళ్లీ మూడో నెల.

చచ్చిన కోళ్లని పాతిపెట్టాక, స్తమెనవ్వ పొయ్యిలోంచి బూడిద ఎత్తి తెచ్చింది. మంచు మీద బూడిదతో కొత్త గూడు గీసింది.

"చూడు కలీనా. ఉత్తరం గాలి కొట్టే వైపు చెక్క. మిగిలిన మూడు వైపులా జాలీ. గాలి ఆడకపోతే కోళ్లకి రొమ్ముపడిశం పడుతుంది. వాలుకర్రలన్నీ ఒకే ఎత్తులో వేయాలి. పైకర్ర అంటూ ఒకటి ఉంటే దానికోసమే రోజూ నెత్తురు కారేలా పొడుచుకుంటాయి. గుడ్ల పెట్టెలు కర్రలకన్నా కిందుండాలి, లేకపోతే వాటిలోనే పడుకుని గుడ్లు ఖరాబు చేస్తాయి. దాణా మూడు చోట్ల. ఒకే తొట్టి పెడితే బలమైంది తిని, బలహీనమైంది దెబ్బలు తింటుంది. అర్థమైందా?"

"అయింది."

"అయితే లోపలికి రా. నువ్వు పెట్టవనుకో. నేను పుంజుని."

కలీన నవ్వుతూ బూడిద గీతల మధ్యకి వచ్చింది. ముసలామె చీపురుకట్ట పట్టుకుని వెంటపడింది. ఒకసారి తిప్పింది, రెండోసారి చుట్టుముట్టింది, చీపురు పైకెత్తింది. కలీన నవ్వు ఆగిపోయింది. ఆమె గబుక్కున ఈశాన్యం మూలకి పోయి, మోకాళ్ల మీద కూలబడి, ఒక చెయ్యి కడుపుకీ ఒక చెయ్యి తలకీ అడ్డం పెట్టుకుంది. చుట్టూ గోడలేమీ లేవు, వేలెడు మందం బూడిద తప్ప. అయినా లేవలేదు.

స్తమెనవ్వ చీపురు కింద పడేసింది. ఆ మూల దగ్గరికి వెళ్లి బూటుతో బూడిద గీతని చెరిపేసింది.

"ఇక్కడ దారి ఉండాలి," అంది.

మధ్యాహ్నం వల్కో రకీయా సారా వాసనతో వచ్చి గీతలన్నీ చూశాడు. "ఈ కన్నమేంటమ్మా?"

"పెట్టలు వెనకున్న చిన్న వాకిట్లోకి పోవడానికి. నీ పుంజు కుంటిపెట్ట కన్ను పొడిచేసింది చూశావా? పారిపోయే చోటు లేకపోతే బెదిరి గుడ్లు మానేస్తాయి."

"మరి పుంజు?"

"అది అందులో పట్టదు. పట్టాలన్నా తల వంచాలి."

వల్కో పగలబడి నవ్వాడు. "తల వంచి కన్నంలో దూరే పుంజుని నేనెక్కడా చూళ్లేదు. పెట్టుకో. కానీ మెత్తటి చెక్క వద్దు, నక్క ఒక్క పూటలో కొరికేస్తుంది. ఓక్ చెక్క వేయించు."

"నువ్వు చెప్పావుగా, వేయిస్తాను."

ఆ వీధి మగవాళ్లు గూడు గురించి ఆలోచిస్తే పైకప్పు గురించీ దొంగల గురించీ ఆలోచిస్తారు. వంటింట్లో ఎవరు ఎక్కడ నిలబడతారన్నది వాళ్లకి తట్టదు.

స్తమెనవ్వ ఊలుదారంతో కలీన భుజాల వెడల్పు కొలిచి, దారాన్ని సగానికి మడిచి తెంపింది. జానెడుకి రెండు వేళ్లు తక్కువొచ్చింది. ఆ ముక్క తీసుకుని ఎదురింటికి వెళ్లింది.

"కన్నం ఇంత ఉండాలి తనాస్."

తనాస్ దారాన్ని వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. "కోడికి కొంచెం ఎక్కువే వదినా."

"ఎక్కువేం కాదు."

రోడ్డవతల కలీన మంచు ఊడుస్తోంది. తనాస్ ఆమె పెదవి చూశాడు. "వాడి భుజాలు కొలిచావా మరి?"

"కన్నతల్లిని. కొలవాలా?"

అతను దారాన్ని చెవి మీద పెన్సిల్‌కి చుట్టుకుని, ఓక్ పలక వెతకడానికి లోపలికి పోయాడు.

గూడు పది రోజుల్లో లేచింది. మొదటి రోజే పుంజు కుంటిపెట్ట మీద పడింది. అది మూలకి పరుగెత్తి, కన్నంలోంచి జారి, అవతలి వాకిట్లో తేలింది. పుంజు ఓక్ చట్రాన్ని ముక్కుతో పొడిచింది. తురాయి చిట్లి కళ్లలోకి నెత్తురు కారేదాకా పొడిచింది. కుంటిపెట్ట అవతల తాపీగా గింజలు ఏరుకుంది.

ఫిబ్రవరి రెండో తేదీ పుంజుల పండగ. కడుపులో ఉన్నవాళ్లతో సహా ఇంటి పిల్లల క్షేమం కోసం, కాన్పుల వయసు దాటిన స్త్రీ గడప మీద పుంజుని కోస్తుంది. ఆ నెత్తురుతో ఇంట్లో ఉన్న ప్రతి గడపకీ బొట్టు పెట్టాలి. ఒక్క గడప మిగిలిపోయినా కీడే. మాంసం గోధుమ రవ్వతో ఉడికించి వీధిలో పంచుతారు.

ఆ పొద్దున స్తమెనవ్వ వంటిల్లు ఊడుస్తుంటే పొయ్యి వెనక సున్నం పెళ్లలు రాలి ఉన్నాయి. వాటిని ఎత్తి బయట పోసింది. కట్టెలబుట్టని ఆ మూలకి అడ్డం జరిపింది. కలీన కోటునీ, బస్సు డబ్బులు పెట్టిన చేతిసంచీనీ తనే పట్టుకెళ్లి, పెరటి వెనక దానిమ్మ చెట్టు కింద పెట్టొచ్చింది. తర్వాత పుంజుని కాళ్లు పట్టి తెచ్చింది. వంకర చేత్తో రెక్కలు అదిమి, మెడ గడప మీద ఆనించి, ఒక్క వేటు వేసింది. తల మెట్ల మీదకి దొర్లింది. మొండెం ఆమె చేతుల్లోంచి ఎగిరి, వాకిలంతా ఎర్రగా చిమ్ముతూ మూడు చుట్లు తిరిగి పడిపోయింది. మెడలోంచి మిగిలిన నెత్తురు గిన్నెలోకి పట్టింది.

లోపల వల్కో పొద్దున్నించే తాగుతున్నాడు. కుర్చీలో కూర్చోబోయి, అనుకున్నంత ఎత్తులో కుర్చీ లేక దభీమని పడ్డాడు. లేచి కుర్చీని చూశాడు. అది మిగతా మూడు కుర్చీలతో సమానంగా ఉంది.

"ఎవరు కోశారే దీని కాళ్లు?"

"ఎవరూ కోయలేదు," అంది కలీన.

"నాన్న కుర్చీ ఇది. నీ మొగుడు నీకన్నా పొట్టివాడని చెప్పుకుందామనా?"

మొదటి దెబ్బ చెంప మీద. రెండోది చెవి మీద. ఆమె చేతిలోని పళ్లెం నేల మీద బద్దలైంది. వల్కో పొయ్యి దగ్గరున్న ఇనప ఊచ అందుకున్నాడు. తలుపు అతని వెనకుంది. కలీన ఎప్పుడూ పోయే చోటికే పోయింది. కట్టెలబుట్ట తన్నుకుని పడింది, మూలలో మోకాళ్ల మీద కూలబడింది, కడుపుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊచ ఒకసారి ఆమె వీపు మీద పడింది. రెండోసారి లేచినప్పుడు ఆమె గోడ కోసం వెనక్కి చెయ్యి చాపింది. గోడ లేదు. నున్నగా చిత్రిక పట్టిన ఓక్ అంచు చేతికి తగిలింది, దాని అవతల చల్లటి గాలి.

ఆమె తల వంచి, పక్కకి ఒరిగి, జారిపోయింది.

వల్కో ఊచ పారేసి ఆమె కాలు అందుకోబోయాడు. తలా ఒక చెయ్యీ కన్నంలో పెట్టి ఒక్క ఊపున దూకాడు. ఛాతీ దగ్గర ఓక్ పట్టేసింది. ముందుకి తోశాడు, పక్కటెముక కటుక్కుమంది. వెనక్కి లాగాడు, చంక చర్మం ఒలిచినట్టు వచ్చింది. అవతల మంచులో కలీన కోటు తొడుక్కోవడం కనపడుతోంది. అతను బూతులు తిట్టాడు. తర్వాత అరిచాడు. "అమ్మా! రా, లాగు నన్ను!"

స్తమెనవ్వ వచ్చింది. ఎడమ చేతిలో గిన్నె, కుడి చేతిలో కత్తి. కొడుకు నడుం కింది భాగం వంటింట్లో తన్నుకుంటోంది. చట్రానికీ వీపుకీ మధ్య సందులోంచి అతని మెడ కొంచెం కనపడుతోంది. తండ్రి మెడలాగే, ఎర్రగా. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. కత్తి పిడి మీద ఆమె వేళ్లు ఒకసారి బిగిశాయి.

తర్వాత కత్తిని గిన్నె పక్కన నేల మీద పెట్టింది. మూడు వేళ్లు నెత్తురులో ముంచి, ఓక్ చట్రం మీద పొడుగ్గా రాసింది.

"ఇదీ గడపే," అంది. "మర్చిపోకూడదు."

రాసిన నెత్తురు చుక్కలుగా కారి అతని మెడ మీద పడింది. వల్కో తన్నుకోవడం మానేశాడు. ఊపిరి కూడా చిన్నగా పీల్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో అతను కదలకుండా ఉండటం అదే మొదటిసారి.

ఆమె గుమ్మం దగ్గర పీట వేసుకుని, వేడినీళ్లలో ముంచిన పుంజుని ఒళ్లో పెట్టుకుని ఈకలు పీకడం మొదలుపెట్టింది. కేకలు విని తనాస్ రోడ్డు దాటి వచ్చాడు. లోపలికి తొంగి చూసి టోపీ వెనక్కి నెట్టుకున్నాడు.

"బిగువుగానే కుదిరింది. రంపం తెమ్మంటావా వదినా?"

"బస్సు ఎన్నింటికి?"

"పన్నెండింటికి. ఇంకో పావుగంట ఉంది."

"అయితే కూర్చో. ఆ రెక్క పట్టుకో కాస్త."

ఇద్దరూ కూర్చుని ఈకలు పీకారు. లోపలినించి వల్కో, చిన్నప్పటి గొంతుతో, ఒకసారి అమ్మా అన్నాడు. ఆమె ఇంకో గుప్పెడు ఈకలు పీకింది. కాసేపటికి చర్చి వెనక ఎత్తు మీద బస్సు మూలుగుతూ గేరు మార్చింది, ఎక్కింది, అవతలికి దిగింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆమె విన్నది.

"ఇప్పుడు తెచ్చుకో రంపం," అంది. "వాడి పక్కనించి కోయి. చట్రం జాగ్రత్త."