గోడ మీద జయదేవ్

ఆదివారం పదకొండింటికి నల్లపాడు రోడ్డులోని క్లైంబింగ్ జిమ్‌లో అడుగుపెట్టేటప్పుడు చైతన్యకృష్ణకు ఎవరినీ కొట్టాలన్న ఆలోచన లేదు. ఆఫీసులో పక్క సీటులో కూర్చునే శ్రీజ నెలరోజులుగా పోరుతుంటే, సరే చూద్దామని ఆమెతో వచ్చాడు. ఒకప్పటి పొగాకు గోడౌన్ అది. ఇప్పుడు లోపల పదిహేను అడుగుల చెక్కగోడలు, వాటి నిండా పట్టుకుని ఎక్కడానికి బిగించిన రంగురంగుల పట్లు, కింద మందపాటి పరుపులు. నేర్పే శ్యామ్ సుందర్ బూట్లిచ్చి, దీన్ని బౌల్డరింగ్ అంటారని, తాళ్లుండవని, పడితే పరుపు మీదే పడతారని చెప్పాడు. ఎవరైనా ఎక్కుతుంటే మాత్రం వాళ్ల కిందికి వెళ్లొద్దని రెండుసార్లు చెప్పాడు.

పట్టు జారకుండా చేతులకు సుద్దపొడి రాసుకుంటూ చైతన్య తలెత్తాడు. ముందుకు వాలిన గోడ మీద, దాదాపు పై అంచున, జయదేవ్ వేలాడుతున్నాడు.

జయదేవ్ అతని పెదనాన్న కొడుకు, ఇదే టౌన్లో ఉద్యోగం. చిన్నప్పుడు వెనక పరిగెత్తి సైకిల్ నేర్పినవాడు. రెండు నెలల కిందట ఊళ్లో మిరప చేను గట్టు దగ్గర తగువొచ్చి, చైతన్య తండ్రి ఆదెయ్య కుడిచెయ్యిని పార కామతో విరగ్గొట్టినవాడూ అతనే. పెద్దమనుషులు కేసు లేకుండా సర్దేశారు. ఎముక అతుక్కుంది గానీ వేళ్లు ముడుచుకోవడం లేదు. ఎడంచేత్తో తినడానికి మనసొప్పక, భార్య ముద్దలు కలిపి పెడుతుంటే ఆదెయ్య గోడకేసి చూస్తూ నోరు తెరుస్తున్నాడు.

ఇక్కడ జయదేవ్ పది వేళ్లూ ఒక పసుపుపచ్చ పట్టును కరుచుకుని ఉన్నాయి. చైతన్యకు ఆ వేళ్లు తప్ప ఇంకేమీ కనపడలేదు.

శ్రీజ ఏదో చెబుతూనే ఉంది. అతను నాలుగంగల్లో పరుపు దాటి, అందిన పట్టునల్లా పట్టుకుని ఎగబాకాడు. జయదేవ్ చీలమండ చేతికి దొరకగానే తన బరువంతా వేసి లాగాడు.

ఇద్దరూ కలిసి పడ్డారు. జయదేవ్ మోచెయ్యి ఒంటి కింద నలిగి, ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. చైతన్య ఆగలేదు. గుండెల మీద కూర్చుని మొహం మీద గుద్దాడు. ముక్కు చిట్లింది. మళ్లీ గుద్దాడు. జయదేవ్ కింద నుంచే నుదుటితో ఎగిరి కొట్టేసరికి చైతన్య ముందుపన్ను విరిగి నాలుక మీద పడింది. దాన్ని ఉమ్మేసి, విరిగిన ఆ మోచేతినే మోకాలితో తొక్కాడు. జయదేవ్ పెట్టిన కేకకు గోడౌనంతా అక్కడికి చేరింది. శ్యామ్ సుందర్ వెనక నుంచి మెడ బిగించి లాగితే గానీ అతను లేవలేదు.

“మా నాన్న చెయ్యి గుర్తుందా?” అన్నాడు చైతన్య, నెత్తురు మింగుతూ.

జయదేవ్ పక్కకి ఒత్తిగిలాడు. “ముందు మీ నాన్న మా అమ్మని గట్టు మీంచి కాలవలోకి తన్నాడ్రా. తుంటి విరిగింది. అది చెప్పాడా నీకు?”

చెప్పలేదు. పెద్దమ్మ వెంకటేశ్వరమ్మ బాత్రూంలో జారిపడిందని మాత్రం విన్నాడు. చూసొస్తానంటే తండ్రే వద్దన్నాడు.

శ్రీజ అంబులెన్సుకు ఫోన్ చేస్తుంటే, అతను తండ్రికి చేశాడు. జయదేవ్ చెయ్యి విరిచానని చెప్పి, పెద్దమ్మను తన్నిన మాట నిజమేనా అని అడిగాడు.

“కుడిచెయ్యేనా?” అన్నాడు ఆదెయ్య.

ఆ గొంతులోని సంతోషం చైతన్యకు స్పష్టంగా వినిపించింది. ఫోన్ కట్టేసి జయదేవ్ దగ్గరికి వెళ్లబోయాడు. శ్రీజ అడ్డం నిలబడింది. ఇంకొక్క అడుగు వెయ్యొద్దంది.

పోలీసులు చైతన్యను స్టేషన్‌కు తీసుకెళ్లేసరికే ఊరి పెద్దమనుషులు ఎస్సైకి ఫోన్ చేసి, ఇంటి గొడవ, తామే చూసుకుంటామన్నారట. చైతన్య ఒప్పుకోలేదు. తను కావాలనే లాగానని, విరిగాక కూడా తొక్కానని చెప్పాడు. గట్టు దగ్గర తండ్రి చేసింది కూడా చెప్పాడు. తండ్రి మీద కూడా కేసు రాయాలా అని ఎస్సై అడిగాడు.

“రాయండి సార్.”

జయదేవ్ మోచేతికి ప్లేటు వేశారు. ఆదెయ్య కొడుకుతో మాట మానేశాడు. బెయిలు మీద బయటికొచ్చాక చైతన్య పెద్దమ్మ ఇంటికి వెళ్లాడు. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చిన వెంకటేశ్వరమ్మ, అతని ముందుపన్ను లేని నోటికేసి కాసేపు చూసి, తలుపు వేసుకుంది.