పైడమ్మ తెచ్చిన సీసా

నేను ఒక సాగే గొట్టాన్ని. చిటికెన వేలంత పొడవు, వలలాంటి అల్లిక, పోగుపోగులో మందు. రబ్బరులా సాగుతాను గాని రబ్బరులా కలకాలం ఉండను. ఒంటి తడికి మెల్లగా కరిగిపోవడమే నా పని. నాకు తొంభై రోజుల ఆయుష్షని పుట్టకముందే రాసేశారు.

ప్రయోగశాలలో నన్ను చేసిన కళావతి, నాతో పుట్టినవాటిని వెయ్యేసిసార్లు లాగి వదిలింది. అన్నీ మళ్లీ తమ ఆకారానికి వచ్చాయి. "గట్టివే" అని మురిసిపోయింది. గట్టిగా ఉన్నందుకు మెచ్చుకుని, కరిగిపొమ్మని పంపడం మనుషులకే చెల్లు.

అక్కణ్ణుంచి దాలయ్య గొంతులోకి వచ్చాను. విజయనగరం వైపు సన్నాయి వాయించే మనిషి. జబ్బు చేసి నెల్లాళ్లు శ్వాసయంత్రం మీద ఉంటే, ఆ యంత్రం గొట్టానికి ఊపిరిగొట్టం ఒరుసుకుపోయి, మచ్చకట్టి ఇరుకైపోయింది. రెండుసార్లు వెడల్పు చేశారు. రెండుసార్లూ మూసుకుపోయింది. సన్నాయి గోడకెక్కింది.

"ఇది దారిని తెరిచి పట్టుకుంటుంది, మళ్లీ మచ్చకట్టకుండా మందు వదులుతుంది. తొంభై రోజులు సన్నాయి ముట్టుకోకండి" అంది డాక్టరు హైమవతి.

ఎంత పనిలో పడ్డానో! ఆయన దగ్గితే నలిగేదాన్ని, ఆ వెంటనే విచ్చుకునేదాన్ని. రోజుకింత మందు ఇచ్చి రోజుకింత సన్నబడేదాన్ని. ఈల వేసే ఊపిరి కాస్తా ఏటిగాలిలా సాగింది. దాలయ్య వేళ్లు మాత్రం మంచం పట్టె మీద స్వరాలు నొక్కుతూనే ఉండేవి.

తొంభయ్యో రోజున భార్య పైడమ్మ కడిగి ఆరబెట్టిన పచ్చడి సీసా పట్టుకుని ఆసుపత్రికొచ్చింది. ఆమె తమ్ముడి కిడ్నీలో రాయి తీసినప్పుడు సీసాలో వేసి ఇచ్చారట. వీధంతా వచ్చి చూసిందట. లోపలిది బయటికి తీసి చూపిస్తేనే వైద్యం అయినట్టని ఆమె నమ్మకం.

హైమవతి కెమెరా పెట్టి చూసింది. "తీయడానికేం లేదు పెద్దమ్మా. కరిగిపోయింది."

నిజానికి ఒక్క పోగు మిగిలాను. ఆమె కంటికి ఆనలేదు.

"కరిగిపోనాదా? మరి దారినేటి పట్టుకుంటాది?" పైడమ్మ సీసా గట్టిగా పట్టుకుంది. "రెండుసార్లూ బాగుందనే సెప్పినారు మీరు."

"గొట్టం లోపలి గోడ మెత్తగా మానింది, ఇదిగో చూడు."

"ఆ టీవీలో నాకేటి తెలుస్తాది తల్లీ."

"ఇంక ఊదొచ్చా అమ్మా?" అన్నాడు దాలయ్య. డాక్టరు తలూపింది. ఆయన జేబులోంచి సీవాళి తీశాడు, సన్నాయికి తగిలించి ఊదే రెల్లు ముక్క.

"ఇన్నాళ్లూ ముట్టుకోవద్దన్నారు గదా!" అంది పైడమ్మ.

"సన్నాయినే వద్దన్నారే. దీన్ని కాదు."

ఊదాడు. ఒకే ఊపిరి. వసారాలో నర్సులు ఆగిపోయారు. ఇదివరకు రెండు క్షణాలకే తెగిపోయే స్వరం, సాగుతూనే ఉంది. నేను అదిరి, ఊడి, ఆ గాలితో పైకి కొట్టుకొచ్చి సీవాళి తడికి అంటుకున్నాను.

పైడమ్మ కళ్లు తుడుచుకుని, సీవాళి లాక్కుని సీసాలో వేసింది. "ఉట్టి సీసాతో ఇంటికెలా ఎల్తాను?"

సాయంత్రం వీధంతా వచ్చింది. "ఇదేనర్రా లోపల్నుంచి వొచ్చింది" అని సీసా ఎత్తి చూపిస్తోంది. దాలయ్య పడీపడీ నవ్వుతున్నాడు.

నవ్వకయ్యా. ఆమె నిజమే చెబుతోంది.